మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెరిగిన ఎంజైము

నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం స్ఫటికాలు పెంచాను. వాటిలో నిజంగా పనికొచ్చినవన్నీ కలిపి ఒక అగ్గిపెట్టెలో పోస్తే, అందులోని పుల్లలు తీసేయాల్సిన అవసరం కూడా రాదు. ఈ మాట మొదట్లోనే చెప్పేయడం మంచిది. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు కంప్యూటర్ తెర మీద రంగు రిబ్బన్లలా తిరిగే బొమ్మలు చూసి వస్తున్నారు. ఆ ఒక్క బొమ్మ వెనక ఎన్ని బొట్లు విరిగిన పాలలా పాడైపోయాయో వాళ్లకు ఎవరూ చూపించరు.

ప్రమోషన్లు, కమిటీలు, సెలవు దరఖాస్తుల సంగతి నేను రాయను. అవి అన్ని ఉద్యోగాల్లోనూ ఒకటే. ఒక ఎంజైము వెంట ఏడేళ్లు తిరిగాం. ఆ తిరుగుడులో నేను ఏం నేర్చుకున్నానో, ఎవరి దగ్గర నేర్చుకున్నానో అది రాస్తాను. నేర్పినవాళ్లలో సగం మంది ఏనాడూ సైన్సు చదవలేదు.

పని ఏమిటంటే

డెబ్బైల చివర్లో హన్మకొండలో నరహరి సారు దగ్గర పరిశోధనకు చేరాను. సారు ఉర్దూ మీడియంలో చదువుకుని, విదేశంలో డాక్టరేట్ చేసి, తిరిగొచ్చి మా ఊళ్లో ప్రొఫెసర్ అయ్యారు. కోపం వస్తే ఇంగ్లీషు, సంతోషం వస్తే ఉర్దూ, మిగతా సమయంలో మా అందరిలాగే మాట్లాడేవారు.

మా బాపు మగ్గం నేసేవాడు. నేను చేరిన వారానికి, ఇంతకూ చేసే పనేమిటని అడిగాడు.

"రోగం తెచ్చే పురుగుల ఒక పనిముట్టు ఉంటది బాపూ. అది నడవకుంటే పురుగు పెరగది. దాని సందుల పోయి ఇరికేటి మందు కావాలె. సందు ఎట్లున్నదో తెలిస్తే గద మందు చేసేది."

"చూడరాదు మరి?"

"కండ్లకు కనవడది. మైక్రోస్కోపుల పెట్టినా కనవడది."

బాపు రెండు వరసలు నేసి, అడ్డదారం వేసే నాడెను చేతిలో పట్టుకుని ఆగాడు. "నువ్వు చూసిన్నంటవు సరే. నిజంగ చూసినవని వేరేటోనికి ఎట్ల తెలుస్తది బిడ్డా?"

ఇంటర్వ్యూలో నన్ను ఐదుగురు పెద్దలు ప్రశ్నలడిగారు. వాళ్లెవరికీ తట్టని ప్రశ్న ఇది.

ఆ పనిముట్టునే ఎంజైము అంటాం. మేం పట్టుకున్నది ఊళ్లోని దవాఖాన నుంచి వచ్చిన ఒక బాక్టీరియాలోది. విరేచనాల రోగి నుంచి వేరుచేసిన బాక్టీరియా అది. మామూలుగా ఇచ్చే మందుకు లొంగలేదు. ఎందుకు లొంగలేదో తెలుసుకోవడమే మా పని. ఆ ఎంజైము మనిషి ఒంట్లోనూ ఉంటుంది, కాకపోతే ఆకారంలో కొద్ది తేడా. పురుగుదాన్ని ఆపాలి, మనదాన్ని ముట్టుకోకూడదు. అంత సన్నని తేడా కనబడాలంటే ఒకే దారి ఉంది. ఎంజైమును శుభ్రం చేసి స్ఫటికంగా పెంచాలి. అంటే ఆ అణువులన్నీ కవాతులో నిలబడ్డట్టు వరసగా నిలబడాలి. అప్పుడు దాని గుండా ఎక్స్‌రే పంపితే వెనక ఫిల్ము మీద చుక్కలు పడతాయి. ఆ చుక్కల లెక్కల్లోంచి ఆకారం బయటికి తీయాలి.

స్ఫటికం పెంచడం వినడానికి తేలిక. పలచని గాజు బిళ్ల మీద ఎంజైము బొట్టు ఒకటి పెట్టి, అందులో అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పు కలిపిన నీళ్లు కొంచెం వేసి, దాన్ని బోర్లించి, అవే నీళ్లున్న చిన్న గుంట మీద మూతలా పెట్టి, చుట్టూ గ్రీజు పూస్తాం. బొట్టులోని నీరు మెల్లగా తగ్గుతుంది, ఎంజైము చిక్కబడుతుంది. మన అదృష్టం బాగుంటే వరసగా నిలబడుతుంది. మామూలుగా బాగుండదు.

పేపర్లో పడ్డాం

చేరిన ఏడాదిన్నరకు, ఒక మార్చి నెలాఖరున, ఉదయం బొట్లు చూస్తుంటే ఒకదానిలో మెరుపు కనిపించింది. నిటారు అంచులు, నున్నటి ముఖాలు. మొత్తం పదకొండు స్ఫటికాలు. పరుగెత్తి సారును పిలుచుకొచ్చాను. ఆయన మైక్రోస్కోపులో చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశారు.

"శారదా, జర దర్వాజ పెట్టు" అన్నారు. స్ఫటికాలు పారిపోతాయేమో అన్నట్టు నేను తలుపు గడియ కూడా వేశాను.

ఐదు నిమిషాలకు ఆయనే తలుపు తీసి డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని పిలిచారు. వరస కట్టి ఒక్కొక్కరూ చూశారు. వరసలో అందరికంటే చివర కొమురయ్య నిలబడ్డాడు. కొమురయ్య మా లాబ్ అటెండర్, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. గాజు సామాను కడగడం, బాక్టీరియాకు పోసే రసం కాయడం ఆయన పనులు. మరిపెడ దగ్గర కొంచెం చెలక భూమి ఉండేది. సెలవు దొరికితే అక్కడే ఉండేవాడు.

కొమురయ్య ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "సారూ, గిది మా చేన్ల చల్లే తెల్ల మందు లెక్కనే ఉన్నది" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. "కొమురయ్యా, నువ్వు చాయ్ సంగతి చూడు" అన్నారు సారు.

ఆ మర్నాడు ఊళ్లోని ఒక చిన్న పత్రిక నుంచి విలేకరి వచ్చాడు. సారు ఆయనకు గంటసేపు ఓపిగ్గా అంతా వివరించారు. ఆ గంటలోంచి ఆయన రెండే మాటలు పట్టుకెళ్లాడు, స్ఫటికం, రోగం. "రోగాలు పోగొట్టే స్ఫటికాలు హన్మకొండలోనే తయారీ" అని వార్త పడింది.

ఇక జనం మొదలయ్యారు. ఒక రిటైర్డ్ తహశీల్దారు నూట ఎనిమిది పూసల జపమాల కావాలన్నాడు. ఇంకొకాయన స్ఫటిక లింగం అడిగాడు, కొలత కూడా చేత్తో చూపించాడు. ఒక పహిల్వాన్ ఉంగరంలో పెట్టించుకుంటానన్నాడు. సారు గదిలోంచి బయటికి రావడం మానేశారు. అందరికీ జవాబు చెప్పే పని నా మీద పడింది.

విశ్వనాథం సేటు కూడా అట్లా వచ్చినవాడే. ఎనుమాముల మార్కెట్‌లో ఆయనకు మిర్చి వ్యాపారం. తెల్ల ధోవతి, చేతిలో మడిచిన పేపరు.

"నమస్తే చెల్లె. మా అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఒక స్ఫటికం కావాలె. జర పెద్దదే ఇయ్యి."

"మా దగ్గరున్నవాటిల అన్నిటికంటే పెద్దది ఆవగింజల పదో వంతు గూడ లేదన్నా."

"గంతదాన్ని దారానికి ఎట్ల గుచ్చుతరు?"

అతన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నిరాశపడ్డాడు, కానీ లేచి వెళ్లలేదు. చూపించమన్నాడు. మైక్రోస్కోపు మీద వంగి చూసి, "మంచిగ మెరుస్తాంది" అన్నాడు. తర్వాత నిటారుగా కూర్చుని, "అయితే చెల్లె, నూనె రాస్తే పుచ్చు మిరపకాయ గూడ మెరుస్తది. మేమైతే కాయను విరిచి చూస్తం. విరవంది సరుకు కొనం. మీరు విరిచి చూసిండ్రా?"

"మా సారు ముట్టుకోవద్దన్నరు."

"గట్లనా" అని పేపరు మడుచుకుని వెళ్లిపోయాడు.

సూది

విరిచి చూడటం మా పనిలోనూ ఉంది. పాత పుస్తకాల్లో రాసే ఉంటుంది. ఎంజైము స్ఫటికంలో సగం నీళ్లే ఉంటాయి కాబట్టి సూదితో నొక్కితే మెత్తగా, చప్పుడు లేకుండా చితికిపోతుంది. ఉప్పు స్ఫటికమైతే పటుక్కున విరుగుతుంది. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది. కానీ ఏడాదిన్నర ఎదురుచూసి సంపాదించినదాన్ని చేజేతులా పొడవడానికి ఎవరికి మనసొప్పుతుంది? సారుకు ఒప్పలేదు. ఎవరూ ముట్టుకోవద్దని బొట్టు పక్కన చీటీ అంటించారు.

సారు క్లాసుకు వెళ్లిన ఒక మధ్యాహ్నం, చీటీ పక్కకు జరిపి, అన్నిటికంటే చిన్నదాన్ని సూదితో నొక్కాను.

టిక్ మంది.

చెవికి వినబడిందో, వేలికి తగిలిందో ఇప్పటికీ చెప్పలేను. స్ఫటికం రెండు ముక్కలై, బొట్టులో చెరో పక్కకు దూకింది. ఆ ముక్కల అంచులు కూడా ఎంత అందంగా ఉన్నాయో. ఉప్పుకు ఆ గుణం ఉంది, ఎన్ని ముక్కలైనా పద్ధతి తప్పదు.

నా ఉద్యోగ జీవితంలో పెద్ద తప్పు అప్పుడే చేశాను. ఆ సంగతి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. వచ్చే వారమే హైదరాబాదులో సభ ఉంది, అక్కడ సారు ఈ స్ఫటికాల గురించి మాట్లాడాలి. మొదటి రోజు చెబుదామని వెళితే, సారు ఉర్దూలో పాట కూనిరాగం తీస్తున్నారు. నోరు రాలేదు. రెండో రోజు సారు ఇంటి నుంచి అమ్మగారు లాబ్ అందరికీ సేమ్యా పాయసం పంపించారు. పాయసం తిన్న నోటితో ఆ మాట ఎట్లా చెప్పను? మూడో రోజు సారే నన్ను పిలిచారు.

"శారదా, సభల చదివే పేపర్ల నీ పేరు ముందు పెడుతాన్న. స్ఫటికం చూసింది నువ్వు గద."

అది విన్నాక ఇక నావల్ల కాలేదు. "సారూ, అది ఉప్పు" అన్నాను.

"ఎవరన్నరు?"

"సూది అన్నది సారూ."

ఆయన ముఖం ఎర్రబడింది. ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఎవరు ముట్టుకోమన్నారు, చీటీ చదవడం రాదా, ఒక స్ఫటికం చూసి అన్నీ అంతే అనుకోవడం ఏం సైన్సు అన్నారు. చివరి మాట అనేసి ఆయనే ఆగిపోయారు. లేచి లాబ్‌లోకి నడిచారు. ఆయన వెనక నేను, నా వెనక కొమురయ్య వెళ్లాం. సారు మైక్రోస్కోపు ముందు కూర్చుని సూది అందుకున్నారు. టిక్. కొంచెం ఆగి, ఇంకోటి. టిక్. మిగిలిన పదింటినీ ఒకదాని తర్వాత ఒకటి విరగ్గొట్టారు. అన్నిటికంటే పెద్దది చివరిదాకా ఉంచారు. అది విరిగాక సూదిని జాగ్రత్తగా తుడిచి డబ్బాలో పెట్టారు.

"కొమురయ్యా" అన్నారు. "నువ్వన్నదే నిజం. తెల్ల మందే."

కొమురయ్యకు ఆయన్ను చూస్తే జాలేసింది. "మంచి మందే సారూ. పత్తికి బాగ పనిజేస్తది" అన్నాడు.

ఏం జరిగిందో తర్వాత తేల్చుకున్నాం. మార్చి ఎండకు గది కాగిపోయింది. రోజూ కరెంటు పోతోంది. వేడికి గ్రీజు కరిగి, మూత వదులై, బొట్టు ఎండింది. మేం కలిపిన అమ్మోనియం సల్ఫేటే బొట్టులో పేరుకుంది. అది అచ్చంగా పొలంలో చల్లే ఎరువు. కొమురయ్య ఏళ్ల తరబడి పిడికిళ్లతో చల్లినదాన్ని మైక్రోస్కోపులో చూసి గుర్తుపట్టాడు. మేం పుస్తకంలో మాత్రమే చూశాం కాబట్టి గుర్తుపట్టలేదు.

హైదరాబాదులో పది నిమిషాలు

సారు సభ మానుకుంటారనుకున్నాను. ఒంట్లో బాగాలేదని కబురు పెడితే సరిపోయేది. ఆయన నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లారు. సభవాళ్లు ఇరవై నిమిషాలిచ్చారు. సారు వేదికెక్కి, ఇంగ్లీషులో పనంతా చెప్పి, స్ఫటికం ఫోటో తెర మీద వేయించారు. హాలు చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టి, తెలుగులో అన్నారు:

"మేం మందు కోసం బయలెల్లినం. మందే దొరికింది. కాకపోతే చేన్ల చల్లే మందు."

సగం హాలు నవ్వింది. తెలుగు రానివాళ్లకు పక్కవాళ్లు చెప్పాక మిగతా సగం నవ్వింది. మొదటి వరసలో మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అందరికంటే అర నిమిషం ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వాడు. సారు మిగిలిన పది నిమిషాలూ వాడుకోకుండా దిగిపోయారు. వచ్చి నా పక్కన కూర్చున్నారు.

టీ దగ్గర ఆ మద్రాసాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. తన లాబ్‌లో ఇలాంటి ఉప్పు మూడుసార్లు పండిందనీ, తను మాత్రం ఎవరికీ చెప్పలేదనీ అన్నాడు. నిజమైన స్ఫటికం దొరికిన రోజున తన ఎక్స్‌రే కెమెరా వాడుకోమన్నాడు. మా దగ్గర అలాంటి కెమెరా లేదు, వస్తుందన్న ఆశా లేదు.

నా తర్వాత వచ్చినవాళ్లకు ఒక మాట చెబుతుంటాను. పై అధికారి తెలివైనవాడా కాదా అని చూడకండి. తన తప్పు పదిమందిలో చెప్పగలడా, ఆ తప్పు చూపించిన పిల్లను మర్నాడు మామూలుగా పలకరించగలడా అని చూడండి. సారు మర్నాడు నన్ను మామూలుగానే పలకరించారు. చీటీ మాత్రం తీసేశారు.

విలేకరికి కూడా విషయం చెప్పాం. "ఉప్పు తయారైందంటే వార్త ఎట్లయితది సారూ" అన్నాడు. సవరణ పడలేదు. జపమాలల కోసం జనం ఇంకో రెండేళ్లు వస్తూనే ఉన్నారు.

ఎనుమాముల

ఏప్రిల్, మే నెలలు ఇంకా కష్టమయ్యాయి. కరెంటు పోతే ఫ్రిజ్ కూడా గదితో సమానం. పెట్టిన బొట్టల్లా ఎండుతోంది. అప్పుడే విశ్వనాథం సేటు మళ్లీ వచ్చాడు. వాళ్ల అవ్వ ఇంకా ఆశ వదల్లేదట. ఆయనకు విరిచి చూసిన కథ చెప్పాను. తాను చెప్పిన మాట పనికొచ్చిందని ఆయనకు మహా సంతోషమైంది.

"ఇప్పుడు ఏం కావాలె మీకు?"

"చల్లగ, ఎప్పుడూ ఒక్కతీర్గ ఉండే జాగ కావాలన్నా. కరెంటు పోవద్దు."

"గంతేనా? మా కోల్డ్ స్టోరేజీ ఉన్నది గద. మిర్చి కోసం జనరేటర్ గూడ పెట్టినం." కాసేపు నా వంక చూశాడు. "మిరపకాయలకున్న సౌలతు మీ చదువుకు లేదా చెల్లె?"

మర్నాడే రిక్షాలో పెట్టెలు వేసుకుని నేనూ కొమురయ్యా ఎనుమాముల వెళ్లాం. మందపాటి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెడితే ఒళ్లంతా చల్లబడింది, ముక్కు మాత్రం మండిపోయింది. పైకప్పు దాకా మిర్చి బస్తాలు. ఒక మూల చెక్క బల్ల వేయించి, మా పెట్టెలు అక్కడ పెట్టించాడు సేటు. వారానికోసారి వెళ్లి చూడాలి. మైక్రోస్కోపు మోసుకెళ్లాలి, ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకోవాలి, ముక్కుకు తడిబట్ట కట్టుకోవాలి. దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే తప్పుకునేదాన్ని. మే నెలలో చంకలో స్వెట్టర్ పెట్టుకుని మిర్చి యార్డుకు ఎందుకు పోతున్నానో ఎవరికి ఎంతని చెప్పను?

రెండో వారం వెళితే పెట్టెలకు పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. పక్కన అగరుబత్తి బూడిద. అక్కడి హమాలీలు పాత పేపరు వార్త గుర్తుపెట్టుకున్నారు. లోపల స్ఫటికాలు మొలుస్తున్నాయని తెలిసి, చెప్పులు విడిచి మరీ అటు వెళుతున్నారు. వద్దని చెప్పబోతే కొమురయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అనుకోనీ అమ్మా. దేవుడున్నడనుకుంటే ఎవడూ బస్తా దాని మీద పెట్టడు."

పొగ మాత్రం పెట్టొద్దని బతిమాలి, కుంకుమ సంగతి వదిలేశాను. ఆ బల్లను ఎవరూ కదిలించలేదు. స్ఫటికానికి కావలసింది సరిగ్గా అదే, ఎవరూ కదిలించకపోవడం.

నాలుగో వారం ఒక బొట్టులో ఏదో కనబడినట్టయింది. ఇంకాస్త దగ్గరికి వంగాను, తడిబట్ట జారింది, తుమ్మాను. గాజు బిళ్ల ఎగిరి బస్తాల మధ్య పడింది. దాన్ని వెతకడానికి నలుగురు హమాలీలు సాయం పట్టారు. దొరికింది, దాని మీద బొట్టు లేదు. ఆ సంగతి సారుకు ఆ సాయంత్రమే చెప్పాను. మూడు రోజులు ఆగడం నాకు అప్పటికే గుణపాఠం అయిపోయింది.

ఏడో వారం ఇంకో పెట్టెలో, మూడు బొట్లలో, చిన్న చిన్న పలకల్లాంటివి కనబడ్డాయి. ఉప్పంత మెరవలేదు. అంచులు కూడా అంత పదునుగా లేవు. నిజం చెప్పాలంటే మొదటివాటి అందంలో ఇవి సగం కూడా లేవు. కొమురయ్య చూసి, "ఇది మా చేన్ల మందు కాదమ్మా. నాకు ఎర్కలేనిది" అన్నాడు. ఆయనకు తెలియదంటే నాకు ధైర్యం వచ్చింది.

సారు స్వయంగా వచ్చారు. సేటు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. సారు రెండుసార్లు తుమ్మి, ముక్కు గట్టిగా బిగించి, అన్నిటికంటే పెద్దదాన్ని వెతికి సూది ఆనించారు. ఈసారి పెద్దదాన్ని చివరిదాకా దాచుకోలేదు. సూది చప్పుడు లేకుండా దిగింది. స్ఫటికం పాలకోవలా నలిగిపోయింది.

"ఖతం" అన్నారు సారు, ముఖం నిండా నవ్వుతో.

"విరిగిందా?" అన్నాడు సేటు ఆత్రంగా.

"విరగలేదు. చితికింది."

"చితికితే మంచిదా?"

"చితికితేనే మంచిది సేటూ."

సేటు హమాలీల వైపు తిరిగి "మంచి సరుకేనట" అని ప్రకటించాడు. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి. మిర్చి ఘాటు అని ఆయనే చెప్పారు, మేమూ ఒప్పుకున్నాం.

డోర్నకల్‌లో ఆగిన బండి

మిగిలిన స్ఫటికాలను వెంట్రుకంత సన్నని గాజు గొట్టాల్లోకి ఎక్కించి, రెండు కొసలా మైనంతో మూసి, దూదిలో చుట్టి, మంచు వేసిన పెద్ద ఫ్లాస్కులో పెట్టాం. నేనూ కొమురయ్యా దాన్ని తీసుకుని మద్రాసు రైలెక్కాం. పెట్టె కిక్కిరిసి ఉంది. ఫ్లాస్కు నా ఒడిలో, నా మోకాళ్లు ఎదుటివాళ్ల మోకాళ్లలో.

డోర్నకల్‌లో బండి ఆగిపోయింది. ముందెక్కడో పట్టాల పని అన్నారు. గంట గడిచింది. ఫ్లాస్కు మూత తీసి చూస్తే మంచు సగం నీళ్లయింది. కొమురయ్య మంచు కోసం దిగబోతుంటే ఎదుటి బెంచీ మీది పెద్దమ్మ అడిగింది.

"ఏముంది నాయినా అండ్ల? గంత భద్రంగ పట్టుకున్నది."

కొమురయ్యకు అబద్ధం చెప్పడం రాదు. "దవాఖాన పురుగు పెద్దమ్మా. విరేచనాలది. ఏ మందుకూ లొంగలే. మద్రాసు తీస్కపోతాన్నం."

పురుగు కాదు, పురుగులోంచి తీసి శుభ్రం చేసిన ఎంజైము, అది ఎవరినీ ఏమీ చేయదు అని నేను చెప్పేలోపు పెద్దమ్మ మూట సర్దుకుంది. ఆమె వెనక బెంచీ మొత్తం లేచింది. ఆ పక్క బెంచీ వాళ్లు కూడా ఎందుకైనా మంచిదని లేచారు. సంగతి రైల్వే వాళ్ల దాకా పోయింది. టికెట్ కలెక్టర్ కిటికీ బయటి నుంచే మాట్లాడాడు.

"మేడం, గదాన్ని చల్లగ ఉంచకపోతే ఏమైతది?"

"పాడైపోతదండీ."

ఆయన ఆ మాటను ఎట్లా అర్థం చేసుకున్నాడో తెలియదు. పది నిమిషాల్లో ఇద్దరు మనుషులు బకెట్ నిండా మంచు గడ్డలు తెచ్చి, కిటికీలోంచి అందించి, చేతులు కడుక్కోవడానికి పరుగెత్తారు. ఆ తర్వాత మద్రాసు దాకా నాకొక బెంచీ, కొమురయ్యకొక బెంచీ. నా జీవితంలో అంత హాయిగా ఏ రైల్లోనూ ప్రయాణం చేయలేదు.

మద్రాసులో మొదటి ఫిల్ము కడిగిన రోజున ఆ పెద్దాయన దాన్ని తడితడిగానే వెలుతురుకు ఎత్తిపట్టి చూపించాడు. ఉప్పుకైతే చుక్కలు దూరదూరంగా, పట్టుమని పది పడతాయి. ఇక్కడ బొంబాయి రవ్వ చల్లినట్టు ఫిల్ము నిండా ఉన్నాయి, వరసలు వరసలుగా. పోస్టాఫీసుకు వెళ్లి సారుకు ఇంగ్లీషులో రెండే ముక్కల టెలిగ్రాం ఇచ్చాను, ఉప్పు కాదు అని. అది చేరవేసిన తంతి మనిషి, "సారూ, ఇంట్ల ఉప్పు కాకుంట ఇంకేం కావాల్నట?" అని అడిగాడని తర్వాత తెలిసింది.

పొడుగు మందు

చుక్కల నుంచి ఆకారం దాకా ఇంకో ఐదేళ్లు పట్టింది. చుక్కల లెక్క విప్పడానికి పాదరసం కలిపిన స్ఫటికాలు పెంచాల్సి వచ్చింది. మద్రాసు ఎన్నిసార్లు వెళ్లామో లెక్క లేదు. ఈలోగా విదేశాల్లో ఇలాంటి ఎంజైము ఆకారమే బయటపెట్టేశారు. ఆ వార్త చదివిన రోజు సారు, "వాళ్లది వాళ్ల పురుగు. మనది మన పురుగు" అని, మర్నాడు మామూలు వేళకే వచ్చారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో ఇది కూడా రాసుకోదగ్గదే.

అప్పట్లో తెర మీద బొమ్మలు లేవు. లెక్కల్లో తేలినదాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ పలకల మీద గీతలుగా గీసి, పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద లైటు పెట్టి పైనుంచి చూసేవాళ్లం. ఎనభైల మధ్యలో ఒక మధ్యాహ్నం ఆ దొంతర పూర్తయింది. దాని నడుమ లోయలాంటి సందు స్పష్టంగా కనిపించింది. మందు వచ్చి కూర్చునే చోటు అదే. ఈ పురుగులో ఆ సందు ఒక కొస దగ్గర వెడల్పయింది. దాంతో మందు అక్కడ వదులుగా ఊగుతుంది, పట్టి నిలబడదు.

దవాఖానలో కడుపు జబ్బుల వార్డు చూసే డాక్టర్ సులోచన గారికి కబురు పెట్టాం. ఆవిడ ఆ ఉద్యోగానికి కొత్త. పనిమధ్యలో వచ్చిన మనిషి నిలబడే చూసింది. సారు అరగంట వివరించారు. అంతా విని ఆవిడ అడిగింది.

"అయితే ఈ మందు ఈ పురుగు మీద పనిచేయదంటారు."

"చేయదు డాక్టరమ్మా."

"ఆ సంగతి నాకు మొదటి రోజే రోగి చెప్పాడు సార్."

ఏడేళ్ల పని నా కళ్ల ముందు తిరిగింది. కొమురయ్య చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

సారు మెల్లగా, "ఎందుకు చేయదో మాత్రం రోగి చెప్పలేదు గద" అన్నారు.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. పలకల మీద వంగి, ఒక కన్ను మూసి, ఆ సందులోకి చూసింది. చాయ్ చల్లారింది. వార్డు నుంచి మనిషి వచ్చి పిలిస్తే వస్తున్నానని చెప్పి పంపేసింది.

"ఈ కొస దగ్గర ఖాళీ ఉందన్నారు కదా" అంది చివరికి. "మందుకు ఇటు పక్క ఇంకొంచెం తోక తగిలిస్తే? పొడుగు మందు పట్టదా ఇక్కడ?"

సారు నా వైపు చూశారు. నేను తెల్లకాగితం తెచ్చాను. ఆ పొద్దు గూకేదాకా ముగ్గురం తోకలు గీస్తూ కూర్చున్నాం.

ఆ కాగితం మీది మందుల్లో రెండింటిని రసాయన శాస్త్రం వాళ్లు బతిమాలించుకుని చేసిచ్చారు. మొదటిది నీళ్లలో కరగలేదు. రెండోది సీసాలో బాక్టీరియాను చక్కగా ఆపింది. దాంతోపాటు ఎలుకను కూడా ఆపింది. ఎలుక ఎంజైమూ మన ఎంజైమూ దగ్గరి బంధువులు కాబట్టి ఆ మందు కథ అక్కడితో ముగిసింది. మేం గీసినదేదీ ఎవరికీ మాత్రగా అందలేదు. ఈ నిజం దాచి మీకు ఈ వృత్తి గురించి చెప్పడం అన్యాయం.

ఎలుక సంగతి తెలిసిన రోజు సులోచన గారు కూడా లాబ్‌లోనే ఉన్నారు. అప్పటికి ఆవిడకు ప్రతి గురువారం రావడం అలవాటైపోయింది. రిపోర్టు చదివి, మడిచి బల్ల మీద పెట్టి, "మూడోది గీద్దామా సార్?" అంది.

సారు అప్పటికే పెన్సిల్ చెక్కుతున్నారు.